కొన్నది కాదు, చేసింది



నేను మీ పిల్లలకు ఆరు, ఏడు తరగతుల్లో ఇంగ్లిష్ చెప్పే టీచర్‌ని. ఈ పత్రికలో ఇంతకుముందు రాసినవన్నీ ఇంగ్లిష్ పేజీల్లోనే రాశాను. స్పెల్లింగ్ ఎలా నేర్పాలి, ఇంట్లో రోజూ పది నిమిషాలు ఎలా చదివించాలి, ఇలాంటివి. ఈసారి తెలుగు పేజీ కావాలని అడిగి మరీ తీసుకున్నాను. దానికి ఒక కారణం ఉంది. ఇందులో కనిపించే ఒక తాతకు దీన్ని ఆయన మనవడు చదివి వినిపించాలి.

ఆగస్టులో మన బ్రాంచ్‌లో 'బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్' పోటీ పెట్టాం. మీకు గుర్తుండే ఉంటుంది. ముందురోజు రాత్రి మీలో చాలామంది స్టేషనరీ షాపుల చుట్టూ తిరిగారు. థర్మాకోల్ షీట్లు, గ్లిట్టర్ పేపర్, గమ్ము, రంగురంగుల ఐస్‌క్రీం పుల్లల ప్యాకెట్లు కొన్నారు. తెల్లారి ఒక అమ్మ గేటు దగ్గర నాతో, "మేడం, ఈ వేస్టుకు నాలుగు వందలైంది" అన్నారు. ఆమె నవ్వారు, నేనూ నవ్వాను. అక్కడితో వదిలేశాను.

ఇరవై మార్కులు. నీట్‌నెస్‌కు ఐదు, రంగులకు ఐదు, కొత్త ఆలోచనకు ఐదు, ఇంగ్లిష్‌లో చెప్పినందుకు ఐదు. ఆరో తరగతికి మార్కులు వేసింది నేనే.

కొత్తగూడ వైపు నుంచి బస్సులో వచ్చే ఒక అబ్బాయి పాత న్యూస్‌పేపర్‌లో చుట్టి ఒక వస్తువు తెచ్చాడు. విప్పి చూస్తే కలుపు తీసే కుర్పి. అరచేయంత ఇనుప పలక, కొంచెం వంపు, తుమ్మ కట్టె పిడి. అంచు మెరుస్తోంది. దాని గురించి ఇంగ్లిష్‌లో చెప్పమన్నాను. "దిస్ ఈజ్..." అని ఆగిపోయాడు. వెనక ఇంకా ముప్పై మంది లైన్‌లో ఉన్నారు. నేనే తొందరపడి, "డిడ్ యు బై ఇట్?" అని అడిగాను. "యస్ మేడం" అన్నాడు. భయపడిన పిల్లవాడు ఏ ప్రశ్నకైనా "యస్ మేడం" అనే అంటాడని ఐదేళ్లుగా పాఠం చెబుతున్న నాకు తెలియాలి. ఆ రోజు తట్టలేదు. ఇరవైకి ఆరు వేసి, షీట్ మీద "కొన్న వస్తువు, వేస్ట్ మెటీరియల్ వాడలేదు" అని రాశాను. పదునైన వస్తువులు బడికి తేవద్దని కూడా చెప్పి, కుర్పిని సాయంత్రం దాకా బీరువాలో పెట్టాను. ఫస్ట్ ప్రైజ్ కొత్త థర్మాకోల్‌తో కట్టిన చార్మినార్‌కు వచ్చింది.

ఇక బొమ్మల సంగతి. బీఈడీలో చార్టులు వేసీ వేసీ నాకు వాటర్ కలర్స్ అలవాటైంది. మా ఆరో తరగతిలో వృత్తుల పాఠం ఉంది. దానికి బజారులో దొరికే చార్టు మీరు చూసే ఉంటారు. డాక్టర్, పైలట్, ఇంజినీర్ శుభ్రంగా ఇస్త్రీ బట్టల్లో ఉంటారు. 'బ్లాక్‌స్మిత్' అన్నచోట గుర్రానికి నాడా కొట్టే ఒక తెల్ల దొర ఉంటాడు. పిల్లలు ఆ పదం స్పెల్లింగ్ నేర్చుకుంటారు గానీ, అది మన కమ్మరి అని చాలామందికి తట్టదు. ఈ దసరా సెలవుల్లో సొంత చార్టు వేద్దామనుకున్నాను. మాది కొత్తగూడ మండలమే. పాకాల అడవి దాటి ఇంటికి పోయి, వారం వారం అంగడికి స్కెచ్ బుక్ పట్టుకుని వెళ్లాను. అంగడిలో ఇనుముతో, రేకుతో పని చేసేవాళ్ల బొమ్మలు మాత్రమే వేయాలని నియమం పెట్టుకున్నాను.

మొదట కూర్చుంది రేకుల పనాయన దగ్గర. పదిహేను కిలోల నూనె డబ్బాలు హోటళ్ల నుంచి కొంటాడు. మూత కోసి, డబ్బాను విప్పి పరిచి, సుత్తెతో సాపు చేస్తాడు. ఆ రేకులోంచి గరాటు, చేట, మానిక, కోళ్లకు నీళ్లు పెట్టే తొట్టి పుట్టుకొస్తాయి. అంచులు చేయి కోయకుండా లోపలికి మడుస్తాడు, అతుకుకు మాటు వేస్తాడు. గంటసేపు చూశాక ఒకటి గమనించాను. ప్రతి వస్తువుకూ నూనె కంపెనీ బొమ్మ, అక్షరాలు లోపలి వైపే పోయేలా మడుస్తున్నాడు. నేను నా బొమ్మలో ఆయన ఒళ్లో ఉన్న చేటకు ఆ అక్షరాలు బయటికి కనిపించేలా వేశాను, అందంగా ఉంటుందని. చూసి మొహం ముడుచుకున్నాడు. "గా రాతలు తీసెయ్ చెల్లే. కొనేటోళ్లకు కొత్తదనిపియ్యాలె గదా" అన్నాడు. నేను తెల్లరంగుతో ఆ అక్షరాలు కప్పేశాను. ఆ మాట ఎందుకో మనసులో ఉండిపోయింది.

రెండోది బాట పక్కన డేరా వేసుకున్న ఒక జంట. ఊరూరా తిరుగుతూ పాత గొడ్డళ్లు, పలుగులు సాగగొట్టి ఇస్తారు. ఆయన కూర్చుని పట్టుకారుతో ఎర్రటి ఇనుము పట్టుకుంటాడు, చిన్న సుత్తెతో ఎక్కడ పడాలో అక్కడ తట్టి చూపిస్తాడు. ఆమె నిలబడి సమ్మెట ఎత్తి సరిగ్గా అక్కడే వేస్తుంది. మాటల్లేవు. ఒక్క నిమిషం కదలకుండా నిలబడతావా అక్కా అని అడిగితే, "నేను నిలవడితె ఇనుము సల్లారుతది" అంది. ఆమె మొహం నాకు దొరకలేదు. భుజాలు, చేతులు, పైకి లేచిన సమ్మెట మాత్రమే వేయగలిగాను. మీరు స్కూలుకు వచ్చినప్పుడు మా తరగతి గోడ మీద చూడండి. ఆ బొమ్మకు మొహం లేదని కొందరు పిల్లలు అడిగారు. ఆమెకు నా కోసం ఆగే తీరిక లేదని చెప్పాను.

మూడోది కొలిమి తాత. వేపచెట్టు కింద కొలిమి, పైన ముదురు రంగు పరదా. పాత సైకిల్ చక్రానికి బెల్టు వేసి గాలి ఫ్యాన్ తిప్పుతారు. దాగలి మాత్రం ఆయన తండ్రి నాటిది. పక్కన తుక్కు కుప్ప. అందులో ఎక్కువగా లారీల, ట్రాక్టర్ ట్రాలీల కమాన్ కట్టలు. ఇవి విరిగితే డ్రైవర్లకు తుక్కే. తాతకు మాత్రం అసలైన సరుకు.

ఎందుకో తెలుసుకోవాలని తర్వాత మన సైన్స్ సార్‌ని అడిగాను. వేల కిలోల బరువు మోస్తూ వంగి మళ్లీ లేచే కమాన్ పట్టీలో మామూలు మెత్తటి ఇనుములో కన్నా కార్బన్ ఎక్కువ. దాదాపు అర శాతం పైనే ఉంటుంది. అందుకే దాన్ని కాల్చి నీళ్లలో ముంచితే గట్టిపడి పదును నిలుస్తుంది. కార్బన్ తక్కువ ఉన్న మెత్తటి ఇనుముతో కొడవలి చేస్తే రెండు రోజుల్లో మొద్దుబారుతుంది. తాత ఈ లెక్క చదువుకోలేదు. ముక్కను దాగలి మీద కొట్టి చప్పుడు వింటాడు, పక్కన పెడతాడు లేదా కుప్పలో పడేస్తాడు.

"తాతా, నీ బొమ్మ గీస్త, జరసేపు కూసుంటవా?" అన్నాను.

"కూసునే ఉన్నగద బిడ్డా. గీసుకో" అన్నాడు.

రెండు వారాలు గీశాను. కాగితాలుగా మనం పారేసే పాత క్వశ్చన్ పేపర్ల వెనకవైపు వాడాను. నల్లరంగు బదులు ఆయన కొలిమిలోని బొగ్గు ముక్కే తీసుకున్నాను. రెండో వారం బొమ్మ చూపిస్తే తాత తన మొహం వైపు చూడనే లేదు. పట్టుకారులో నేను వేసిన ఇనుము మీద వేలు పెట్టాడు. మెరవాలని దాన్ని తెల్లగా, చుట్టూ పసుపుతో వేశాను.

"గింత తెల్లగైతె ఇనుము కాలిపోతది బిడ్డా. సుక్కలు రాల్తయి. మోదుగుపువ్వు రంగు మీదున్నప్పుడే కొట్టాలె."

అప్పుడు అర్థమైంది ఆ ముదురు పరదా ఎందుకో. అది ఎండకు కట్టింది మాత్రమే కాదు. వెలుతురు ఎక్కువైతే ఇనుము రంగు కనిపించదు. ఆ రంగే ఆయన థర్మామీటర్. ముందు ముదురు ఎరుపు, తర్వాత దానిమ్మ గింజ, తర్వాత మోదుగుపువ్వు, ఆపైన పసుపు, తెలుపు. దానిమ్మ గింజ రంగు దాటే వేళకు ఇనుము అయస్కాంతానికి అంటుకోదు. అది దాదాపు 770 డిగ్రీల సెల్సియస్ అని పుస్తకాల్లో ఉంది. ముంచి గట్టిపరిచాక మళ్లీ సన్నని సెగ మీద అంచును ఎండుగడ్డి రంగు వచ్చేదాకా పెడతాడు, లేకపోతే గట్టిదనం ఎక్కువై పెళుసుగా విరుగుతుంది. రంగుల పెట్టె నా చేతిలో ఉంది. రంగులు తెలిసింది ఆయనకు. ఇంటికి వెళ్లి ఆ ముక్కను మళ్లీ వేశాను.

పని చేసేవాళ్ల బొమ్మలు వేయడం కొత్త సంగతి కాదు. 1938లో గుజరాత్‌లోని హరిపురా కాంగ్రెస్ సభకు గాంధీజీ కోరితే నందలాల్ బోస్ పల్లె మనుషుల బొమ్మలు వేశారు. వాటిలో వడ్రంగులు, డోలు కొట్టేవాళ్లు ఉన్నారు. చేతితో చేసిన కాగితం మీద, మట్టి రంగులతో. ఆ నందలాల్ బోస్ దగ్గర శాంతినికేతన్‌లో చదువుకున్న కొండపల్లి శేషగిరిరావు గారు 1924లో పుట్టింది మన మహబూబాబాద్ దగ్గరి పెనుగొండలోనే. మన జిల్లా పిల్లల్లో ఎంతమందికి ఈ పేరు తెలుసు? ఈ సెలవుల దాకా నేనూ నా తరగతిలో ఒక్కసారి చెప్పలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

ఆ రెండో వారమే, మధ్యాహ్నం, తాతకు అన్నం గిన్నె పట్టుకుని ఒక పిల్లవాడు వచ్చాడు. నన్ను చూసి వేపచెట్టు వెనక్కి పోయాడు. యూనిఫాం లేకపోయినా గుర్తుపట్టాను. మా ఆరో తరగతి కుర్పి అబ్బాయి. తాత పిలిస్తే వచ్చి, గిన్నె కింద పెట్టి, ఏమీ అనకుండా సైకిల్ చక్రం తిప్పడం మొదలుపెట్టాడు. మంట ఎప్పుడు పెంచాలో, ఎప్పుడు తగ్గించాలో తాత చెప్పడం లేదు. వాడే ఇనుము రంగు చూసి తిప్పుతున్నాడు. కొలిమి పక్కన గోనెసంచి మీద పది, పన్నెండు కుర్పిలు వరుసగా ఉన్నాయి. అరచేయంత పలక, కొంచెం వంపు, తుమ్మ కట్టె పిడి.

తాత నా వైపు తిరిగాడు. "నువ్వు మావోని టీచరువేనా? వాడు బడికి తెచ్చిన కుర్పి మంచిగున్నదన్నవట గదా. నాతోని ఒక్కదినమంత కూసోని చేసిండు. కమాన్ పట్టీ వాడే కోసుకున్నడు, ఒక్క దెబ్బలు నేనేసిన."

పిల్లవాడు చక్రం తిప్పడం ఆపలేదు. నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. చెప్పొద్దు మేడం అని అడుగుతున్నట్టు ఉంది.

"అవును తాతా. చాలా బాగుంది" అన్నాను.

వాడి భుజాలు కిందికి దిగాయి. వాడిని కాపాడాననుకున్నాను. బస్సెక్కాక తెలిసింది, కాపాడుకున్నది నన్ను నేనే. వాడు అబద్ధం చెప్పింది తాత చిన్నబోకూడదని. నేను చెప్పింది నేను చిన్నబోకూడదని. వాడు ఒక దినమంతా కూర్చుని చేసిన వస్తువును కొన్నదని రాసి సంతకం పెట్టింది నేను. పోటీలో పాల్గొన్న అందరిలో నిజంగా పారేసిన వస్తువుతో చేసింది బహుశా వాడొక్కడే. రేకుల పనాయన మాట మళ్లీ గుర్తొచ్చింది. తుక్కుతో చేసింది అచ్చం కొత్తదానిలా కనిపించాలని ఆ మనుషులు పడే పాటే, వాళ్ల పిల్లవాడికి నా దగ్గర మార్కులు పోగొట్టింది.

సెలవులు అయిపోయే ముందు అంగడి రోజు మళ్లీ వెళ్లాను. బొమ్మ పూర్తయింది. అది తాత చేతిలో పెట్టి, ఈసారి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆరు మార్కులు, నేను రాసిన మాట, బీరువా, అన్నీ. పిల్లవాడు అక్కడే ఉన్నాడు. తల దించుకున్నాడు.

తాత కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత నవ్వాడు. "కొన్నదనుకున్నవంటె మంచిగ చేసినట్టే గదా బిడ్డా!" అన్నాడు. మనవడి వీపు మీద ఒక్కటి చరిచాడు. "ఇన్నవారా? టీచరమ్మ నీ పనిని కొన్నదనుకున్నదట!"

తాతకు అది మెప్పుగానే తోచింది. కానీ పిల్లవాడు నవ్వలేదు. నేను బయలుదేరుతుంటే రోడ్డు దాకా వచ్చాడు. "మేడం, నేను యస్ అన్న కదా. మీ తప్పు లేదు" అన్నాడు. పదకొండేళ్ల పిల్లవాడు నాకు ధైర్యం చెప్పాడు. "నేను తెలుగులో అడగాల్సింది నాన్నా. అడగలేదు. అది నా తప్పే" అన్నాను. అప్పుడు తలెత్తాడు.

బడి తెరిచాక మొదటి పీరియడ్‌లో మొత్తం తరగతి ముందు ఆ షీట్ తీసి, నేను రాసిన మాట కొట్టేసి, మార్కులు మార్చాను. ప్రైజ్ ఇచ్చిన పిల్లల దగ్గర వెనక్కి తీసుకోలేదు. తప్పు పోటీ పెట్టిన మాది, వాళ్లది కాదు. వృత్తుల పాఠానికి మూడు బొమ్మలూ గోడకు పెట్టాం. యాన్విల్, బెలోస్, టాంగ్స్ అనే పదాలు బోర్డు మీద నేను రాశాను. దాగలి, తిత్తి, పట్టుకారు అంటే ఏంటో, ఏది ఎందుకో వాడు చెప్పాడు. మొదట తెలుగులో చెప్పాడు. తర్వాత వాడంతట వాడే, "మేడం, ఇంగ్లిష్‌లో కూడా చెప్తా" అన్నాడు. తప్పులు చాలా వచ్చాయి. ఒక్కసారి కూడా ఆపలేదు. "ఐరన్ కలర్ ఈజ్ మోదుగుపువ్వు, దెన్ హిట్" అన్నాడు. తరగతిలో ఎవరూ నవ్వలేదు. ఆ వాక్యాన్ని నేను దిద్దలేదు.

మీకు ఒక లెక్క చెప్తాను. ఒక టన్ను ఉక్కు తుక్కును కరిగించి మళ్లీ వాడితే, దాదాపు 1.4 టన్నుల ఇనుప ఖనిజం, 740 కిలోల బొగ్గు తవ్వకుండా మిగులుతాయి. ఇది పెద్ద ఫ్యాక్టరీల లెక్క. తాత అసలు కరిగించడు కూడా. ఉన్న ముక్కను ఉన్నట్టే వేడి చేసి ఆకారం మారుస్తాడు. మన జిల్లాలోనే బయ్యారంలో ఇనుప ఖనిజం ఉంది. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టంలో ఇక్కడి ఉక్కు ఫ్యాక్టరీ సాధ్యాసాధ్యాల మాట రాశారు. ఆ ఫ్యాక్టరీ కోసం ఊళ్లన్నీ ఎదురుచూస్తూనే ఉన్నాయి. ఈలోగా కొత్తగూడ అంగడిలో వేపచెట్టు కింద చిన్న ఉక్కు పని ప్రతి వారం నడుస్తోంది. అది కూడా ఎన్నాళ్లో తెలియదు. వరి కోతలకు హార్వెస్టర్లు వచ్చాక కొడవళ్లు అడిగేవాళ్లు తగ్గారని తాత అన్నాడు. ఇప్పుడు పత్తి, మిర్చి చేలల్లో కలుపు తీసే కుర్పిలే ఆయనకు ఆధారం. మనవడు ఈ పని నేర్చుకోవాలనుందా అని అడిగితే, "నేర్సుకుంటె నేర్సుకోనీ. కని చదువుకోవాలె" అన్నాడు. ఆ చదువు కోసమే మన దగ్గరికి పంపాడు. ఫీజు కట్టేది ఆ కుర్పిల డబ్బుతోనే.

తల్లిదండ్రులారా, మిమ్మల్ని మూడు విషయాలు అడుగుతాను.

ఒకటి, ఇకపై ఇలాంటి పోటీకి పిల్లలతో ఏదీ కొనిపించవద్దు. ప్రిన్సిపాల్ గారి అనుమతితో మా ఆరో తరగతి వరకు రూల్ మార్చాం. కొత్తగా కొన్న సామాను ఉంటే మార్కులు లేవు. ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పినందుకు ఐదు మార్కులు. ఏ భాషలో చెప్పినా సరే.

రెండు, వచ్చే ఆదివారం పిల్లల్ని మీ ఊళ్లో మరమ్మతు చేసే ఒకరి దగ్గరికి తీసుకెళ్లండి. సైకిల్ షాపు, వెల్డింగ్ షాపు, కొలిమి, చెప్పులు కుట్టే చోటు, ఏదైనా సరే. అరగంట చూడనివ్వండి. అడ్డుపడకుండా దూరంగా కూర్చుంటే చాలు.

మూడు, అడ్మిషన్ ఫారంలో తండ్రి వృత్తి, తల్లి వృత్తి అన్న గళ్లు చూశాను. మా తరగతిలో చాలామంది 'బిజినెస్' అనో, 'ప్రైవేట్ జాబ్' అనో రాశారు. ఎందుకు రాస్తారో నాకు తెలుసు. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు, ఇంట్లో పత్తి చేను తప్ప ఏమీ లేకపోయినా, మా నాన్న పని దగ్గర 'బిజినెస్' అనే రాశాను. మీరు చేసే పని పేరు ఉన్నదున్నట్టు రాయండి. ఆ పని మీద మీ పిల్లలతో ఒక పాఠం చెప్పించే బాధ్యత మాది.

తాతా, ఇది నీ మనవడు నీకు చదివి వినిపిస్తున్నాడనుకుంటాను. ఎక్కడైనా తడబడితే తొందరపెట్టకు. నీ బొమ్మలో ఇనుము రంగు ఇప్పుడు సరిగ్గానే వచ్చిందా, లేదా? వచ్చే అంగడికి వచ్చినప్పుడు చెప్పు.